తోటలకు నూనె పిచికారీ: మందు మంచిదే, కలిపే తీరే తెలియాలి

(గూడూరు ప్రాంత నిమ్మ రైతుల కోసం మన సంఘం నిర్వహించిన శిక్షణ తరగతిలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



నన్ను నూనె పిచికారీల గురించి మాట్లాడమన్నారు. నేను శాస్త్రవేత్తను కాదు, ఐదెకరాల నిమ్మతోట ఉన్న రైతును. ఈ విషయం మీద మాట్లాడే అర్హత నాకెలా వచ్చిందంటే, వేపనూనెతో రెండెకరాల తోటను చేతులారా కాల్చుకున్నాను. ముందు ఆ సంగతి చెప్పి తర్వాత మిగతా విషయాల్లోకి వస్తాను.

2022 ఫిబ్రవరి. సెప్టెంబరు, అక్టోబరుల్లో పడిన పూత నిలిచి కాయలు చిన్న ఉసిరికాయంత అయ్యాయి. ఎండలు ముదిరే వేళకు కోతకొచ్చేవి ఆ కాయలే. నిమ్మ రైతు ఏడాదంతా ఎదురుచూసేది ఆ కోత కోసమేనని మీకు నేను చెప్పనక్కర్లేదు. కాయల మీద మంగు కనిపించింది. అది నల్లి పని కాబట్టి లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున నీటిలో కరిగే గంధకం కొట్టించాను. అంతవరకు బాగానే ఉంది. తొమ్మిది రోజుల తర్వాత చూస్తే ఆకుల అడుగున తెల్లదోమ, పైన మసి. రసాయనాలు ఇక చాలు, వేపనూనె కొడదాం, చెట్టుకూ చలవ అనుకున్నాను. లీటరుకు 5 మిల్లీలీటర్లు చాలని తెలుసు. అయినా గట్టిగా పనిచేయాలని 10 పోయించాను. ఆ వారం మాకు త్రీఫేజ్ కరెంటు పొద్దున తొమ్మిదికి గానీ రావడం లేదు. బోరు వేసి డ్రమ్ములు నింపేసరికి పదకొండయింది. కూలీలు వచ్చి కూర్చున్నారు, వెనక్కి పంపితే మళ్లీ దొరకరు. నెత్తిన ఎండ కాస్తుండగా మొదలుపెట్టి రెండింటికి ముగించాం.

మూడో రోజుకు ఆకుల మీద నీళ్లు ఇంకినట్టు ముదురు మచ్చలు తేలాయి. తర్వాత ఆకులు అంచుల నుంచి ఎండుతూ వచ్చాయి. వారం తిరిగేసరికి ఆకూ కాయా కలిసి రాలడం మొదలైంది. అన్నిటికన్నా ఎక్కువ దెబ్బతిన్నవి చివరి రెండు వరుసలు. అక్కడ కొమ్మలే మిగిలాయి. ఆ ఏప్రిల్‌లో నిమ్మకు మనం ఎన్నడూ చూడని ధర పలికింది మీకు గుర్తుండే ఉంటుంది. పక్క తోటల వాళ్లు బస్తాలు కుట్టి బండ్లకు ఎత్తుతుంటే నేను గట్టు మీద కూర్చుని చూశాను. మా ఇంటావిడ ఆ నెలంతా నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఆమెదీ తప్పు కాదు, బ్యాంకులో పెట్టింది ఆమె గాజులే.

నేను చేసిన మొదటి పని, నూనె అమ్మిన కొట్టుకు పోయి గొడవపడటం. కల్తీ నూనె ఇచ్చావని నలుగురిలో అరిచాను. పాపం, ఆ తప్పు అతనిది కాదు. తర్వాత ఉద్యానశాఖలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన మా తోటకు వచ్చి, ఆకు తెంపి చూసి, నాలుగు ప్రశ్నలు అడిగాడు. దీనికి ముందు ఏం కొట్టావు? ఎన్ని గంటలకు కొట్టావు? నూనెను నీళ్లలో ఎలా కలిపావు? చివరి వరుసలకు డ్రమ్ములో అడుగు నీళ్లేనా వాడింది? నాలుగింటికీ నేను చెప్పిన జవాబు తప్పే. నేను ఈ రోజు మీకు చెప్పేదంతా ఆ నాలుగు ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది.

ముందుగా, నూనె పురుగును ఎలా చంపుతుంది? మనం వాడే పురుగుమందులు చాలావరకు విషాలు. పురుగు నరాల మీద పనిచేస్తాయి. నూనె ప్రధానంగా అలా పనిచేయదు. పురుగుకు మనలాగా ముక్కు ఉండదు. ఒంటి పక్కల వెంట చిన్న చిన్న రంధ్రాలుంటాయి, వాటితో గాలి పీల్చుకుంటుంది. నూనె పొర ఆ రంధ్రాలను మూసేస్తుంది, పురుగుకు ఊపిరాడదు. గుడ్ల మీద పడితే లోపలికి గాలి పోక గుడ్డు చస్తుంది. అందుకే పదేళ్లు కొట్టినా పురుగు దీనికి అలవాటు పడదు. విషాన్ని తట్టుకునే పురుగు పుడుతుంది గానీ ఊపిరి లేకుండా బతికే పురుగు పుట్టదు గదా.

దీని బలమూ ఇదే, బలహీనతా ఇదే. తడిసిన పురుగు చస్తుంది, తడవని పురుగు బతుకుతుంది. చెట్టు లోపలికి పాకి రసంలో కలిసి పక్క కొమ్మలో పురుగును చంపే గుణం నూనెకు లేదు. ఆరిపోయాక దాని పని అయిపోయినట్టే. తెల్లదోమ పిల్లలు, నల్లదోమ పిల్లలు, పొలుసు పురుగులు, నల్లి, పేనుబంక ఇవన్నీ ఆకు అడుగునో కొమ్మకో అతుక్కుని ఉంటాయి, ఎగరలేవు. వాటి మీద నూనె బాగా పనిచేస్తుంది. రెక్కలొచ్చిన దోమ గన్ను చప్పుడుకే లేచిపోతుంది. దాన్ని నూనె పట్టుకోలేదు. అందుకే ఒక్కసారి కొట్టి ఊరుకుంటే లాభం లేదు. పది పన్నెండు రోజుల ఎడంతో రెండు మూడు సార్లు కొడితేనే కొత్తగా పొదిగిన పిల్లలు దొరుకుతాయి.

తెగుళ్ల సంగతికొస్తే, ఆకు పైపొర మీద పెరిగే బూజుల మీద నూనె పనిచేస్తుంది. బూడిద తెగులు అలాంటిదే. రేగులో, దోస తీగల్లో తెల్లగా పౌడరు చల్లినట్టు వస్తుంది చూడండి, అది. తొలి మచ్చలప్పుడు కొడితే విత్తనాలు మొలకెత్తకుండా ఆపుతుంది. ఆకంతా కమ్మేశాక నూనె కొట్టి ప్రయోజనం లేదు. ఆకు లోపల పాతుకున్న తెగుళ్లకు నూనె ఒక్కటే మందు అని ఎవరైనా చెబితే నమ్మకండి. అరటి ఒక్కదాని సంగతి వేరు. సిగటోక ఆకుమచ్చకు నూనె మంచిదని 1950ల్లో కరీబియన్ దీవుల అరటి తోటల్లో తేలింది. తెగులు మందు ఆకుకు బాగా అంటుకోవడానికి నూనె కలిపి కొడుతుంటే, అసలు నూనె కూడా తెగులును ఆపుతోందని కనిపెట్టారు. ఇప్పుడు మన అరటి రైతులకు శాస్త్రవేత్తలు చెప్పేది కూడా ఆ దారే, లీటరు నీటికి ప్రోపికొనజోల్ 1 మిల్లీలీటరుతో పాటు మినరల్ ఆయిల్ 10 మిల్లీలీటర్లు. అరటి వేసిన వాళ్లు రాసుకోండి.

నిమ్మకు గజ్జి తెగులు పెద్ద బాధ. అది బూజు కాదు, బాక్టీరియా. నూనె దాన్ని చంపదు. కానీ ఒక లంకె ఉంది. కొత్త చిగుళ్ల మీద ఆకుతొలుచు పురుగు వెండి గీతల్లాగా తిరుగుతుంది గదా, ఆ గాట్లలోంచే గజ్జి లోపలికి దూరుతుంది. చిగురు అంగుళం, రెండంగుళాలు ఉన్నప్పుడు నూనె పలుచగా కొడితే తల్లి పురుగు ఆ చిగురు మీద గుడ్లు పెట్టడానికి ఇష్టపడదు. గాట్లు తగ్గితే గజ్జి కూడా తగ్గుతుంది. గజ్జికి నూనె మందు కాదు గానీ గజ్జి వచ్చే తలుపు మూస్తుందని అనుకోండి. ఈ ఒక్క పనికైనా నిమ్మ రైతు నూనె వాడకం నేర్చుకోవాలని నా అభిప్రాయం. ముడుచుకుపోయిన ఆకుల మీద మాత్రం ఎంత కొట్టినా దండగే, పురుగు అప్పటికే ఆకు పొరల మధ్య ఉంటుంది.

ఇక ఆ పెద్దాయన ప్రశ్నలకు వస్తాను.

మొదటిది, ముందు ఏం కొట్టావని. గంధకం మీద నూనె పడకూడదు. గంధకాన్ని నూనె ఆకు లోపలికి దించుతుంది, ఆకు మాడిపోతుంది. గంధకానికీ నూనెకూ మధ్య కనీసం మూడు నాలుగు వారాలు ఎడం ఉండాలి, ముందు ఏది కొట్టినా సరే. నేను తొమ్మిది రోజులకే కొట్టాను. కాప్టాన్, క్లోరోథలోనిల్ అనే తెగులు మందులతోనూ ఇదే తంటా. మనలో చాలామందికి ఒకే డ్రమ్ములో నాలుగు రకాలు కలిపి కొట్టే అలవాటుంది, కూలి కలిసొస్తుందని. మిగతా మందుల సంగతి ఎలా ఉన్నా నూనె పోసిన డ్రమ్ములో ఇంకేమీ పోయకండి. అరటికి చెప్పినట్టు శాస్త్రవేత్తలు ఫలానాది కలపమని చెప్పినవి తప్ప. ఇంకో మాట, మందుల చిట్టా రాసుకునే పుస్తకం పెట్టుకోండి. ఏ తేదీన ఏం కొట్టామో నాకు ఇప్పుడు పుస్తకంలో ఉంటుంది. అప్పుడు లేదు, గంధకం కొట్టిన సంగతే నూనె పోసేటప్పుడు గుర్తుకు రాలేదు.

రెండోది, వేళ. ఆకు మీద కూడా గాలి పోయే రంధ్రాలుంటాయి. నూనె పొర వాటినీ కొంతసేపు మూస్తుంది. చల్లని పూట అయితే ఆకు తట్టుకుంటుంది. మిట్టమధ్యాహ్నం, ముప్పై మూడు ముప్పై నాలుగు డిగ్రీల ఎండలో తట్టుకోలేదు. నీళ్లు లేక వాడిన చెట్టు అసలే తట్టుకోదు. ముందు రోజు తడి పెట్టి, మర్నాడు పొద్దున్నే మంచు ఆరిన వెంటనే కొట్టాలి, లేదా సాయంత్రం ఎండ వాలాక కొట్టాలి. పూత మీద కొట్టకూడదు. తేనెటీగలు తిరిగేటప్పుడు కొట్టకూడదు, తడి నూనె పడితే అవీ చస్తాయి. కరెంటు పగలే వస్తుంది, ఏం చేయమంటావని మీరు అడుగుతారు. నేనిప్పుడు ముందు రోజు కరెంటు ఉన్నప్పుడే డ్రమ్ములు, తొట్టి నింపి పెట్టుకుంటున్నాను. చిన్న తొట్టి కట్టించడానికి అయిన ఖర్చు ఆ ఏడాది పోగొట్టుకున్న దాని ముందు ఏపాటిది!

మూడోదీ నాలుగోదీ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. నూనె, నీళ్లు కలవవు. ఇది చిన్న పిల్లలకు కూడా తెలుసు, డ్రమ్ము దగ్గర నిలబడితే మనమే మర్చిపోతాం. నేను చేసిందేమిటంటే డ్రమ్ము నిండా నీళ్లు పట్టి, పైనుంచి నూనె గుమ్మరించి, ఇంత సబ్బు పొడి చల్లి, కర్రతో నాలుగు తిప్పులు తిప్పించడం. నూనె పైకి తేలింది. గొట్టం అడుగు నుంచి లాగుతుంది కాబట్టి మొదటి చెట్లకు ఉత్త నీళ్లు పోయాయి. డ్రమ్ము ఖాళీ అవుతున్న కొద్దీ పైన ఉన్న నూనె కిందికి దిగి చివరి వరుసలకు చిక్కగా పోయింది. పురుగు చావకుండా మొదటి వరుసలు ఉన్నాయి, చెట్టు బతక్కుండా చివరి వరుసలు పోయాయి.

కలిపే పద్ధతి ఇది. 200 లీటర్ల డ్రమ్ముకు లీటరు వేపనూనె, 200 గ్రాముల సబ్బు పొడి. ముందు బకెట్లో సబ్బు పొడిని రెండు లీటర్ల గోరువెచ్చని నీళ్లలో బాగా కరగనివ్వాలి. అందులో నూనెను సన్నని ధారగా పోస్తూ ఆపకుండా చిలకాలి. మజ్జిగ చిలికినట్టే అనుకోండి. తెల్లగా పాలలాగా అయ్యేవరకు వదలకూడదు. ఆ పాలకు ఇంకో ఐదారు లీటర్ల నీళ్లు కొద్దికొద్దిగా చేర్చి, అప్పుడు డ్రమ్ములో పోయాలి. చలికాలం పొద్దుట వేపనూనె గడ్డకట్టి ఉంటుంది. డబ్బాను కాసేపు ఎండలోనో వేడినీళ్లలోనో పెట్టాకే తీయాలి. మన బోర్ల నీళ్లు చాలాచోట్ల ఉప్పు నీళ్లు. ఆ నీళ్లలో మామూలు బట్టల సబ్బు విరిగిపోయి పెరుగు తరకల్లాగా తేలుతుంది, నాజిల్ మూసుకుపోతుంది. అలాంటి చోట సబ్బు బిళ్ల కాకుండా డిటర్జెంట్ పొడి వాడండి, లేదా చెరువు నీళ్లు తెచ్చుకోండి. కొట్లో దొరికే 1500, 10,000 పి.పి.ఎం. వేప మందులున్నాయే, వాటిలో నీళ్లతో కలిసే పదార్థం ముందే ఉంటుంది. వాటికి సబ్బు అక్కర్లేదు, డబ్బా మీద రాసిన మోతాదే పాటించాలి. సబ్బు కావాల్సింది గానుగ నుంచి తెచ్చుకున్న పచ్చి నూనెకు.

కలిపాక ఒక పరీక్ష ఉంది. తెల్ల గాజు సీసాలో డ్రమ్ము నీళ్లు పట్టి నీడలో పది నిమిషాలు కదపకుండా పెట్టండి. పైన నూనె వలయం కడితే ఆ డ్రమ్ము కొట్టకండి. మళ్లీ చిలికి, సబ్బు చేర్చి, మళ్లీ చూడండి. కొట్టేటప్పుడు కూడా ఒక మనిషి డ్రమ్ము దగ్గర కర్రతో తిప్పుతూనే ఉండాలి. అడుగున మిగిలిన నాలుగైదు లీటర్లు ఏ చెట్టుకూ కొట్టకుండా వదిలేయడం మంచిది. అన్నిటికన్నా ముందు, రెండు చెట్లకు కొట్టి మూడు రోజులు ఆగి చూడాలి. ఈ మూడు రోజులు ఆగలేకనే మనం నష్టపోతున్నాం.

ఇంకో చిక్కు తడపడంలో ఉంది. ఆరు మీటర్ల ఎడంతో నాటితే ఎకరాకు 110 చెట్లు దాకా వస్తాయి. ఎదిగిన చెట్టు ఆకు అడుగు కూడా తడవాలంటే ఐదు లీటర్లకు తక్కువ చాలదు. అంటే ఎకరాకు మూడు డ్రమ్ములు. మనం ఒకటో ఒకటిన్నరో కొట్టి వేపనూనె పనిచేయదు అంటున్నాం. పైగా మా దగ్గర కూలి డ్రమ్ము లెక్కన ఇస్తారు. డ్రమ్ము ఎంత తొందరగా అయిపోతే వాళ్లకు అంత లాభం. వాళ్లను నేను తప్పుపట్టను, మన లెక్కే అలా ఉంది. నేను నూనె కొట్టించే రోజు మాత్రం రోజు కూలి మాట్లాడుకుంటున్నాను, గన్ను కింది నుంచి పైకి పట్టమని చెప్పి దగ్గర ఉండి చూస్తున్నాను. అంత నీళ్లు, అంత ఓపిక లేని రోజు నూనె జోలికి పోకపోవడమే మంచిది.

నూనె ఎక్కడ పనిచేయదో కూడా చెప్పాలి. చెప్పకపోతే ఈ ప్రసంగానికీ మందుల కంపెనీ మీటింగుకూ తేడా ఉండదు. 2021-22లో మిరప మీద కొత్త రకం తామర పురుగు పడింది. గుంటూరు నుంచి ఖమ్మం, వరంగల్ దాకా రైతులు తోటలు పీకేశారు. అప్పుడు చాలామంది చేతికి దొరికిన ప్రతి నూనె కొట్టి చూశారు. ఆ పురుగు పూల లోపల దాక్కుంటుంది. నూనె తగిలితేనే గదా చచ్చేది, పువ్వు లోపలికి ఎలా పోతుంది? కాయ తొలిచే పురుగు, కాండం తొలిచే పురుగు కూడా అంతే. పిండినల్లికి ఒంటి మీద మైనం ఉంటుంది, చిన్నప్పుడైతే నూనెకు లొంగుతుంది, ముదిరితే కష్టం.

కొబ్బరి, ఆయిల్ పామ్ తోటల్లో సర్పిలాకార తెల్లదోమ మరో పాఠం. 2016లో పొల్లాచ్చి, పాలక్కాడ్ వైపు కనిపించి, అదే ఏడాది చివరికి మన కడియం నర్సరీల దాకా వచ్చింది. చిన్న మొక్కలకు, చేతికందే చెట్లకు వేపనూనె 10 మిల్లీలీటర్లు సబ్బు పొడితో కొట్టమన్నారు, అది బాగానే పనిచేసింది. నలభై అడుగుల కొబ్బరి చెట్టు ఆకు అడుగు తడపడం ఎవరి తరం? అక్కడ ఎన్‌కార్సియా అనే కంటికి ఆనని కందిరీగ ఆ దోమ పిల్లల్లో గుడ్లు పెట్టి చంపుతోంది. అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రం వాళ్లు దోమకు రోగం తెచ్చే ఐసేరియా అనే శిలీంధ్రాన్ని పెంచి రైతులకు ఇచ్చారు. విషపు మందులు గుప్పించిన చోట ఆ కందిరీగలే ముందు చచ్చాయి. నూనె ఈ విషయంలో కాస్త నయం. తడిగా ఉన్నప్పుడు మీద పడితే అక్షింతల పురుగూ చస్తుంది, కానీ ఆరాక వచ్చి వాలిన మిత్ర పురుగుకు ఏమీ కాదు.

కాల్చిన ఇంజన్ ఆయిలు, కిరసనాయిలు కొట్టే వాళ్లు ఇంకా అక్కడక్కడ ఉన్నారు. కిరసనాయిలు, సబ్బు కలిపి కొట్టడం 1880ల్లో అమెరికాలో ఫ్లోరిడా నారింజ తోటల్లో పొలుసు పురుగు మీద చేశారు. అప్పటికి అంతకన్నా మంచిది లేదు. చెట్లు కాలుతున్నాయనే తర్వాత నూనెను శుద్ధి చేస్తూ, ఆకును మాడ్చే పదార్థాలు తీసేస్తూ ఇప్పటి మినరల్ ఆయిళ్ల దాకా వచ్చారు. బండి ఆయిలులో ఉండేది అంతకన్నా చెడ్డ సరుకు. హిమాచల్, కాశ్మీర్ ఆపిల్ తోటల్లో 2 శాతం నూనె కొడతారని విని మన దగ్గర అంత చిక్కగా కొట్టకండి. వాళ్ల చెట్టు చలికాలంలో ఆకు రాల్చి నిద్రపోతుంది, ఆకు విచ్చుకోక ముందే కొడతారు. మన నిమ్మ, బత్తాయి పన్నెండు నెలలూ ఆకుతోనే ఉంటాయి.

ఇంకొక గందరగోళం తీర్చాలి. వేపగింజల కషాయం వేరు, వేపనూనె వేరు. కషాయం 100 లీటర్లకు 5 కిలోల గింజ పప్పు పొడి రాత్రంతా నానబెట్టి వడకట్టేది. అందులో ఉండే అజాడిరక్టిన్ వల్ల పురుగు మేత మానేస్తుంది, సరిగ్గా ఎదగదు. ఆకు తినే పురుగులకు అది మంచిది. నూనె ముఖ్యంగా ఊపిరాడకుండా చేసేది, రసం పీల్చే వాటికి మంచిది. రెండు పనులూ ఒకే డబ్బా చేస్తుందని చెప్పేవాణ్ని రెండు ప్రశ్నలు ఎక్కువ అడగండి.

వేప మన వాకిట్లో చెట్టు. దాని నూనె బూజు తెగుళ్లను ఆపుతుందన్న సంగతి మీద అమెరికా వ్యవసాయ శాఖ, గ్రేస్ అనే కంపెనీ కలిసి ఐరోపాలో పేటెంటు తీసుకున్నాయి. 1994లో ఇచ్చారు. అంటే మన తాతలకు తెలిసిన పని తామే కనిపెట్టామని రాయించుకున్నారన్నమాట. వందనా శివ, ఐరోపా పార్లమెంటు సభ్యురాలు మాగ్డా ఆల్వుత్, సేంద్రియ రైతుల అంతర్జాతీయ సమాఖ్య కలిసి 1995లో సవాలు చేశారు. 2000 మే నెలలో పేటెంటు రద్దయింది. కంపెనీ వాళ్లు అప్పీలు చేస్తే 2005 మార్చిలో అదీ కొట్టేశారు. ఇది కొత్తగా కనిపెట్టిందేమీ కాదు, ముందు నుంచీ వాడకంలో ఉన్నదేనని నిరూపించడానికి పదేళ్లు పట్టింది. పేటెంటు పోయింది, బాగుంది. కానీ జూన్, జూలైల్లో మన ఊళ్లలో రాలిన వేపకాయలు ఎవరు ఏరుతున్నారు, ఏ ధరకు ఎవరు కొంటున్నారు, అదే నూనె డబ్బాలో పోసి మనకే ఏ ధరకు అమ్ముతున్నారు? సంఘం ఒక్కో ఊళ్లో కాయలు సేకరించి, నీడన ఆరబెట్టి, దగ్గరి గానుగలో ఆడించే ఏర్పాటు చేస్తే బాగుంటుందని కార్యవర్గానికి నా సూచన. ఏరిన అక్కలకు కూలి కాదు, సరుకు ధర ఇవ్వాలి.

కొనే నూనె విషయానికొస్తే, నా గొడవలో కొట్టువాడి తప్పు లేదన్నాను. మరుసటి ఏడాది మరో చోట కొన్న ‘బయో’ సీసా మాత్రం అలాంటిది కాదు. దాని మీద వేప బొమ్మ ఉంది, ఆకు బొమ్మ ఉంది, ఎంత శాతం ఏముందో ఎక్కడా లేదు. వాసన చూస్తే వేప వాసనే లేదు. పేరు మాత్రం మూల్గితే చెట్టు లేచి నిలబడేలా ఉంది. వేప పురుగుమందు 1968 నాటి పురుగుమందుల చట్టం కిందికి వస్తుంది. రిజిస్ట్రేషన్ నంబరు, అజాడిరక్టిన్ శాతం, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ, రంగు త్రికోణం డబ్బా మీద ఉండి తీరాలి. 0.03 శాతం అంటే 300 పి.పి.ఎం., 0.15 అంటే 1500, 1 శాతం అంటే 10,000. ఇవేవీ లేకుండా ‘మొక్కలకు బలం’ అని రాసి పురుగులకు కొట్టమని నోటి మాటగా చెప్పి అమ్మేది దొడ్డిదారి సరుకు. మొక్కల పెరుగుదలకు వాడే బయోస్టిమ్యులెంట్లను 2021 ఫిబ్రవరిలో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చారు. కాబట్టి ఇది ఏ చట్టానికీ అందని సరుకు అని అధికారులు చేతులు దులుపుకోవడానికి వీల్లేదు. శాంపిలు తీయమని మండల వ్యవసాయాధికారిని మనం రాతపూర్వకంగా అడగాలి, ఒక్కొక్కరుగా కాదు, సంఘం తరఫున.

బిల్లు తీసుకోండి. అప్పు మీద తెచ్చుకునే వాళ్లం, బిల్లు అడిగితే కొట్టువాడు మళ్లీ అప్పివ్వడేమోనని మొహమాటపడతాం. నాకూ అదే భయం. కానీ విత్తనాల కేసులో 2012లో సుప్రీంకోర్టు రైతు కూడా వినియోగదారుడేనని, వినియోగదారుల ఫోరానికి వెళ్లవచ్చని తేల్చింది. ఆ కేసులో ఉన్నది మన ఆంధ్ర రైతులే. ఫోరానికి పోవాలన్నా చేతిలో బిల్లు ఉండాలి గదా. అప్పు ఖాతాకు కూడా బిల్లు ఇవ్వాలని కొట్ల వాళ్లతో సంఘమే మాట్లాడితే ఒక్కో రైతు మొహమాటం తప్పుతుంది.

మిద్దె తోటలు పెంచే అక్కలు ఇందాక అడిగారు, ఇంట్లో వంటనూనె పనికొస్తుందా అని. వస్తుంది, సూత్రం ఒకటే. లీటరు నీళ్లకు చెంచా నూనె, అంటే 5 మిల్లీలీటర్లు, గిన్నెలు కడిగే సబ్బు ద్రవం రెండు మూడు చుక్కలు, సీసాలో పోసి బాగా గిలకొట్టి సాయంత్రం పూట ఆకుల అడుగున కొట్టండి. పేనుబంకకు, తెల్లదోమకు పనిచేస్తుంది. లేత నారు మీద, వాడిన మొక్క మీద వద్దు. ముందు ఒక్క కొమ్మకే కొట్టి చూడండి. వాడేసిన నూనె, బజ్జీలు వేయించిన నూనె వద్దు.

రేపు పొద్దున ఆరింటికి మా తోటలో డ్రమ్ము కలిపి చూపిస్తాను. చివరి రెండు వరుసల చెట్లు ఇప్పటికీ మిగతా వాటికన్నా పొట్టిగానే ఉంటాయి, అవీ చూడొచ్చు. వచ్చే వాళ్లు తలా ఒక గాజు సీసా తెచ్చుకోండి. మీ మీ బోరు నీళ్లు ఒక క్యానులో పట్టుకురండి. ఎవరి నీళ్లలో ఏ సబ్బు విరుగుతుందో అక్కడికక్కడే తేలిపోతుంది.